రెండు సోలలు, ఒక డిస్కు

ఈ పొద్దున ఆవకాయకి కారం కొలుద్దామని అటక మీంచి ఇత్తడి సోలలు రెండూ దింపాను. చూడగానే మా చిన్నకోడలు ఇంటి దగ్గర్నుంచే మంగళగిరి ఆఫీసు పని చేసిన వేసవి గుర్తొచ్చింది. వంటింటి పక్క గదిలో, మేం దంచే మిరపకాయల ఘాటుకి తుమ్ముతూ, కంప్యూటరు ముందు కూర్చునేది. డిస్కు మీద ఏది ఎక్కడ రాయాలో చెప్పే ప్రోగ్రాం రాయడం ఆమె పని. దాన్ని డ్రైవరంటారట. నాకు తెలిసిన డ్రైవర్లంతా యార్డుకి లారీల్లో మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, తోలేవాళ్ళే.

ఆ ప్రోగ్రాంలో కొలతలు రాసిపెట్టే ఫైళ్ళు రెండు, రెండు జట్లవాళ్ళు రాసినవి. డిస్కు మీద ఒక్కో గడి కొలతకి రెండింట్లోనూ ఒకటే పేరు, అంకె మాత్రం వేరు. ఒకదాంట్లో అయిదొందల పన్నెండు, రెండోదాంట్లో నాలుగువేల తొంభైఆరు. కంప్యూటరు ఏ ఫైలు చివర చదివితే అందులో అంకె నిలుస్తుంది. తప్పు అంకె నిలిస్తే ఒకరి ఫొటోల మీద ఇంకొకరి లెక్కలు రాసేస్తుందని చెప్పింది. ఒకే పేరు రెండుసార్లు వచ్చిందని కంప్యూటరు వార్నింగు కూడా ఇస్తోందట. ఫోనులో వాళ్ళ పెద్దసారు గొంతు నాకూ వినబడుతూనే ఉంది.

"ఉత్త వార్నింగే కదమ్మా, ఆపేసి పంపించెయ్."

"వార్నింగు ఆపితే తప్పు ఆగుద్దా సార్? నేను పంపను."

మావాడు తల పట్టుకున్నాడు. "నీకింకా పర్మినెంటు కాలేదే!"

"కాకపోతే పోనీ," అంది, తుమ్ముతూనే.

నాకు నా కాపురం కొత్త రోజులు గుర్తొచ్చాయి. అద్దంకి నుంచి నా సోల నేను తెచ్చుకున్నాను. అత్తగారింటి సోల కంటే చిన్నది. ఆ ఏడు అత్తగారు తన సోలతో కారం కొలిస్తే, తోటికోడలు నా సోలతో ఉప్పు కొలిచింది. ఉప్పు చాలక జాడీ అంతా బూజు. "నీ సోల అవతల పారెయ్," అన్నారు అత్తగారు. పారెయ్యలేదు. మేకు తీసుకుని నా సోల మీద ఒక గీత, ఆవిడ సోల మీద రెండు గీతలు గీశాను. ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు ఆవిడ.

ఆ కథ చెబితే కోడలు పగలబడి నవ్వింది. "నేను చేసేదీ అదే అత్తయ్యా," అంది. రెండు కొలతలకీ వేర్వేరు పేర్లు పెట్టి, ఆ పాత పేరున్న ప్రతి చోటా ఏది కావాలో చూసి మార్చి, అప్పుడు పంపింది. సరుకు ఆలస్యమైంది. ఆ ఏడు పర్మినెంటు రాలేదు. ఆలస్యానికి క్షమాపణ రాయమని ఆఫీసువాళ్ళంటే అదీ రాయలేదు.

ఇప్పుడు అత్తగారు లేరు, ఇత్తడి మెరుపూ లేదు. ఆ గీతలు మాత్రం, ఇన్నేళ్ళు తోమినా, వేలికి ఇంకా గరుకుగానే తగులుతున్నాయి.