సుగుణ టీచరు గారి కుక్కల క్లబ్బు

పక్క ఫ్లాటులో కోడి కార్జం ఉడుకుతున్నట్టుంది. ఉప్పూ కారం లేని ఆ చప్పిడి వాసన తగలగానే గుణదలలో ఒక ఖాళీ స్థలమూ, మంచుకు తడిసిన గడ్డీ, తెల్ల టోపీతో నిలబడ్డ సుగుణ టీచరు గారూ గుర్తుకొచ్చారు. ఆవిడ రిటైరైన డ్రిల్లు టీచరు. ఆదివారం ఉదయాల్లో కుక్కలకు ఆటలు నేర్పే క్లబ్బు నడిపేవారు. కుక్క అడ్డుకర్రలు దూకాలి, బట్ట గొట్టంలోంచి దూరి రావాలి, ఊగే బల్ల మీద నడవాలి. యజమాని పక్కనే పరుగెత్తుతూ చేత్తో దారి చూపించాలి. సరిగ్గా చేసినప్పుడల్లా కుక్కకు ఉడికించిన కార్జం ముక్క.

వన్ టౌన్‌లో మాది స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు. అక్కడి రొదలో మాట వినపడాలంటే అరవాల్సిందే. ఆ గొంతునే ఇంటికీ తెచ్చేవాణ్ణి. ఆ ఏడాది మా అమ్మాయి హారికను ఒక్క మాటైనా అడగకుండా ఇంటర్లో ఎంపీసీలో చేర్పించాను. అప్పట్నుంచీ నాతో మాట్లాడేది “ఊఁ” ఒక్కటే. మిగిలిన కబుర్లన్నీ వీధిలోంచి తెచ్చుకున్న పండు అనే కుక్కతోనే. ఆ పండు మా అమ్మ పట్టుచీర చింపిన వారమే దాన్ని క్లబ్బుకు తీసుకెళ్లాను.

“పదకొండింటికొచ్చి తీసుకెళ్తానండీ,” అన్నాను, తాడు ఆవిడ చేతికివ్వబోతూ.

“ఇదేం ట్యూషన్ కాదండీ. ఇంట్లో ఎంతమంది?”

“నలుగురం.”

“వచ్చే ఆదివారం నలుగురూ రండి. కుక్కని మర్చిపోయినా ఫర్లేదు.”

నలుగురమూ వెళ్లాం. ఒక్కొక్కరినీ పండును కూర్చోబెట్టమన్నారు. మా అమ్మ “కూచో నాయనా” అని బతిమాలింది. మా ఆవిడ “సిట్, సిట్” అంటూ తానే సగం కూర్చుంది. హారిక ఏదో గొణిగింది. నా వంతు రాగానే కొట్లో అరిచినట్టు “కూర్చో!” అన్నాను. పండు కూర్చోలేదు గానీ, అటువైపు తన కుక్కతో నిలబడ్డ ఒక పెద్దాయన గబుక్కున కూర్చున్నారు.

టీచరు గారు నవ్వలేదు. “ఇప్పుడు మీరు కుక్కండీ. అమ్మాయి దారి చూపిస్తుంది. మీరు నోరెత్తకూడదు,” అన్నారు.

హారిక కుడివైపు చెయ్యి చాపింది. నాకు ఎడమవైపే దగ్గరనిపించింది. అటే వెళ్లి గొట్టంలో దూరి, పొట్ట దగ్గర ఇరుక్కుపోయాను. ఇద్దరు నా కాళ్లు పట్టుకుని లాగారు. బయటపడేసరికి హారిక కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో గుర్తు చేసుకుంటూ గడ్డిలో అలాగే బోర్లా పడుకున్నాను. టీచరు గారు పక్కన గొంతుక్కూర్చుని మెల్లగా అన్నారు: “పిల్ల సరిగ్గానే చూపించిందండీ. మీరే చూళ్లేదు.”

చలికాలం చివర్లో కుటుంబాలకు పోటీ పెట్టారు. హారిక పండుతో పరుగెత్తాలి. మేము గీత బయట ఉండాలి. ఊగే బల్ల మధ్యకు వచ్చాక పండు ఆగిపోయి వణకసాగింది. నేను అరవబోయాను. టీచరు గారు నా భుజం నొక్కి పట్టుకున్నారు. హారిక మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి చాపి, ఊరకే ఎదురుచూసింది. పండు ఒక్కో అడుగూ వేసుకుంటూ దిగింది. ఆ సంబరంలో మా అమ్మ “నా తండ్రే! రా, గారె పెడతా!” అని కేక వేసింది. అంతే, పండు మిగిలిన కర్రలన్నీ వదిలేసి, గీత దాటి అమ్మ మీదికి దూకింది. మాది చివరి స్థానం.

హారిక వచ్చి నా పక్కన కూలబడింది. కాసేపు ఇద్దరం గడ్డి పీకాం.

“నాన్నా, నాకా లెక్కలు ఎక్కట్లేదు. కాలేజీకెళ్లాలంటే రోజూ భయమేస్తోంది.”

ఎంపీసీ ఎందుకు మంచిదో చెప్పడానికి నా దగ్గర చాలా కారణాలున్నాయి. దూరంగా కర్రలు ఏరుతున్న టీచరు గారు ఇటే చూస్తున్నారు.

“ఇంకా చెప్పమ్మా,” అన్నాను.

చాలా చెప్పింది. జూన్‌లో హెచ్‌ఈసీలో మళ్లీ మొదటి సంవత్సరం నుంచి చేరింది. ఏడాది దండగ చేశానని చుట్టాలు నన్ను చీవాట్లు పెట్టారు.

టీచరు గారు పోయి రెండేళ్లయింది. సంతాప సభకు క్లబ్బు కుటుంబాలన్నీ కుక్కలతో సహా వెళ్లాం. కుక్కలు బుద్ధిగా కూర్చున్నాయి. మమ్మల్నే రెండుసార్లు గోల చెయ్యొద్దన్నారు.

నేనేమీ మారిపోయిన మనిషిని కాను. కొట్లో నా గొంతు ఇప్పటికీ వీధి చివరిదాకా వినిపిస్తుంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న హారిక మాత్రం రోజూ ఫోను చేసి, ఆఫీసు కబుర్లన్నీ ఏకబిగిన చెప్పుకుపోతుంది. ఎప్పుడో మధ్యలో అనుమానం వచ్చి అడుగుతుంది.

“నాన్నా, లైన్లో ఉన్నావా?”

“ఉన్నానమ్మా. చెప్పు.”