“ఉండాది” అని రాసే అటెండరు

పోయిన మంగళవారం బెళ్ళందూరు ఆఫీసులో మీటింగు మధ్యలో ఫోన్ వచ్చింది. “నాయన పోయినాడక్కా, పొద్దున్నే,” అన్నాడు మా పాత ల్యాబ్ అటెండరుగారి కొడుకు. సరేనన్నాను. లోపలికి వెళ్లి మీటింగు పూర్తి చేశాను. సాయంత్రం హూడిలో వాళ్లింటికి వెళ్లి ఆయన్ను చూసి, దండం పెట్టి, ఇంటికొచ్చి అన్నం తిన్నాను. కన్ను తడవలేదు. నాలో ఏమీ మిగల్లేదేమోనని భయం వేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

మీలో ఎవరూ ఆయన్ను ఎరిగి ఉండరు. హిందూపురం వైపు మనిషి. తొంభైల్లో నేను ఇక్కడే చెట్ల మీద పరిశోధన చేస్తున్నప్పుడు మా ల్యాబ్‌లో గాజుసామాను కడిగేవాడు, నాతోపాటు రోడ్లెంట తిరిగి వేళ్లు తవ్వేవాడు. కరెంటు తీగల కోసం ఏటా కొమ్మలు నరికే చెట్లు ఆ దెబ్బను ఎలా తట్టుకుంటాయన్నది నా పని. ఆకు తయారుచేసిన చక్కెరను చెట్టు పంచుకుంటుంది: పెరగడానికి కొంత, వేరులో పిండిగా దాచుకోవడానికి కొంత, పురుగునూ కుళ్లునూ ఆపడానికి కొంత. దాచింది ఉందో లేదో తెలియాలంటే వేరు ముక్కను పలచగా కోసి అయోడిన్ చుక్క వెయ్యాలి. పిండి ఉంటే నల్లబడుతుంది.

నేను కోసేదాన్ని, ఆయన చుక్క వేసి నోటుబుక్కులో రాసేవాడు. పాజిటివ్, నెగెటివ్ అని రాయవయ్యా మహానుభావా అంటే వింటేనా! “ఉండాది”, “లేదు” అని తెలుగులో, పెన్సిలుతో. మా గైడు కన్నడాయన. చివరికి ఆయన కూడా “ఏనప్పా, ఉండాదా?” అని అడగడం మొదలుపెట్టాడు.

ఒక ఏడు మా గేటు దగ్గరి కానుగను కరెంటువాళ్లు మరీ మోడు చేసి పోయారు. పక్క చెట్లన్నీ చిగిర్చాయి, దానికి మాత్రం ఒక్క ఆకు లేదు. చచ్చిందని కొట్టేయడానికి మనుషులొచ్చారు. “సుమ్నే, ఊరికే కొట్టేస్తే ఎట్లప్పా? దాన్ని ఒక మాట అడగాల కదా,” అంటూ ఆయన గడ్డపార తీసుకుని వేరు ముక్క తెచ్చాడు. చుక్క పడగానే నల్లబడింది. వాళ్లు వెళ్లిపోయారు.

“మరి చిగురేదీ?” అన్నాను నేను.

“ఇల్లు కాలినోడు ముందు తలుపు పెట్టుకుంటాడా, తోరణం కట్టుకుంటాడా పాపా? గాయం మూసుకోనీ.”

వానలు పడ్డాక ఆ చెట్టు చిగిర్చింది.

ఆ మరుసటి ఏడు మా నాన్న పోయాడు. కర్మలు ముగిసిన మర్నాడే ల్యాబ్‌కు వచ్చి బ్లేడు పట్టుకున్నాను. అప్పుడూ ఇంతే, ఏడుపు రాలేదు. గట్టి గుండె అన్నారు నా ముందు. వెనక ఏమన్నారో నాకు తెలుసు. ఆయన మాత్రం రెండు పూటలా టీ తెచ్చి పక్కన పెట్టేవాడు. మూడో రోజు బ్లేడు జారి వేలు తెగింది. ఆయన మందుల డబ్బాలోంచి గాయాలకు పూసే అయోడిన్ తీసి ఒక చుక్క వేశాడు. “అబ్బా!” అని అరిచాను. నా వేలిని కిటికీ వెలుతురుకు పట్టి, అచ్చం వేరు ముక్కను చూసినట్టే చూశాడు.

“ఉండాది,” అన్నాడు.

నవ్వొచ్చింది నాకు. ఏడుపు నెల తర్వాత వచ్చింది, బస్సులో ఎవరో ముసలాయన నాన్నలాగే దగ్గితే. ఆ నెల రోజులూ నన్ను నిలబెట్టింది ఆ ఒక్క మాటే. ఆయనకు ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

నిన్న అటక మీంచి ఆ పాత నోటుబుక్కు దించాను. థీసిస్ రాసేటప్పుడు అందులోంచి నంబర్లు మాత్రమే ఎక్కించుకున్నాను, మిగతాది ఏనాడూ చదవలేదు. వేలు తెగిన రోజు పేజీ దొరికింది. వరసగా వేరు ముక్కల నంబర్లు, వాటి ఎదురుగా ఆయన గుండ్రటి అక్షరాలు. ఏడుపు ఇంకా రాలేదు. పేజీ అడుగున, నంబరు ఉండాల్సిన చోట, “పాప” అని ఉంది. దాని ఎదురుగా, పెన్సిలుతోనే, “ఉండాది.”