పల్లంరాజు నల్ల గీత

మీ ఇంటి గోడ మీద, బతికున్న మనిషి ఒక్కరే ఉన్న పెద్ద ఫోటో ఒక్కటైనా ఉందా? వెతకనక్కరలేదు, ఉండదు. పెళ్లి ఫోటోలో ఇద్దరుంటారు, బళ్లో తీసిన గ్రూపు ఫోటోలో నలభైమంది ఉంటారు. ఒక్కరే ఉన్న పెద్ద ఫోటోకు మాత్రం దండ ఉంటుంది, నుదుట బొట్టు ఉంటుంది. గోదావరి జిల్లాల్లో పుట్టిన ఎవరికైనా ఈ సంగతి ఒకరు చెప్పకుండానే తెలుసు. రామచంద్రపురంలో ఇరవై రెండేళ్లు అలాంటి ఫోటోలు తయారుచేసి బతికిన పల్లంరాజుకే, తన సొంత పుస్తకం దగ్గరకు వచ్చేసరికి అది గుర్తు రాలేదు.

అతని స్టూడియో కాలవ గట్టున ఉండేది. ఎవరింట్లోనైనా మనిషి పోతే, పెద్దదినానికి ముందు ఆ ఇంటివాళ్లు ఏదో పాత పెళ్లి ఫోటో పట్టుకొచ్చి, మూడో వరసలో చివర నిలబడ్డ మనిషిని వేలితో చూపించేవారు. పల్లంరాజు ఆ గోరంత ముఖాన్ని పక్కవాళ్ల భుజాల మధ్య నుంచి వేరుచేసి, పెద్దది చేసి, పెన్సిలుతో కనుబొమలు దిద్ది, నల్లటి మనిషిని తెల్లగా మార్చి ఇచ్చేవాడు. "మా నాన్న ఇంత తెల్లగా ఉండేవాడా!" అని కొడుకులు ఆశ్చర్యపడుతూనే సంతోషంగా తీసుకుపోయేవారు.

ఆ తెల్లదనం మీద విసుగు పుట్టిన రోజునే, 1996లో, అతను కెమెరా భుజాన వేసుకుని చేపల బజారుకు వెళ్లాడు. కోటిపల్లి నుంచి మొదటి బస్సులో చేపల బేసిన్లతో దిగే ఆడవాళ్లలో అచ్చాయమ్మ ఒకతె. ఆమె ఫోటో తీసి, ఆ సాయంత్రం డార్క్‌రూమ్‌లో కాగితాన్ని డెవలపర్ తొట్టెలో వదిలాడు. ఎర్రదీపం వెలుగులో ఆ ముఖం మెల్లగా తేలింది. చెంప నలుపు వేరు, తడిజుట్టు నలుపు వేరు, చెవి వెనక నీడ నలుపు వేరు. ఒక్క ముఖంలో ఇన్ని నలుపులు ఉంటాయని అతనికి అంతవరకూ తెలియదు. పెన్సిలు జోలికి పోలేదు.

ఐదేళ్లలో అలా కోటిపల్లి రేవులోని ఇరవైమంది ఆడవాళ్ల ముఖాలు కూడాయి. వాటిని ప్రెస్సులో అచ్చు వేయిస్తే ఆ నలుపులన్నీ ఒకే సిరా ముద్దగా మారిపోతాయి. అందుకని చేత్తో తీసిన అసలు ప్రింట్లనే పుస్తకంగా కుట్టించి, తన పేరుతో తానే వెలువరించాలని నిశ్చయించుకున్నాడు. ఐదే ఐదు ప్రతులు. అప్పటికి కలర్ ల్యాబులు వీధి వీధికీ వచ్చేశాయి. కాకినాడ దుకాణదారుడు మొహం మీదే చెప్పేశాడు: "ఈ నలుపు తెలుపు ఫోటోల బ్రోమైడ్ కాగితం అడిగేది మీరొక్కరేనండి. ఇదే ఆఖరు, ఇక రాదు."

ఆ ఆఖరు రెండు పెట్టెలతో 2001 వానాకాలమంతా ప్రింట్లు తీశాడు. వరద వచ్చి కుళాయి నీళ్లు ఎర్రబడితే పటిక వేసి, నీళ్లు తేరేదాకా ఆగి, వాటిలో ప్రింట్లు కడిగాడు.

"మా తాగే బిందె ఎర్రగానే ఉంది. అచ్చాయమ్మ మొహానికి మాత్రం తేటనీళ్లు కావాల్సి వచ్చాయా?" అంది భార్య లోవలక్ష్మి.

"తాగే నీళ్లు కాచుకోవచ్చు లోవా. ప్రింటుని కాచలేం కదా!"

"నన్ను మాత్రం ఇరవై రెండేళ్లుగా కాస్తూనే ఉన్నారు" అంటూ ఆమె రెండో బిందె కూడా అతని ముందు పెట్టింది.

సగం కాగితం పరీక్షలకే పోయింది. చివరకు ఒక్కో ముఖానికీ ఐదేసి మచ్చలేని ప్రింట్లు మిగిలాయి. ప్రతి ప్రింటు చుట్టూ వెంట్రుకంత నల్ల గీత ఉంది. నెగెటివ్‌ను బిగించే రేకు చట్రాన్ని అతను ఆకురాయితో అరగదీసి, ఫిలిం అంచు కూడా కాగితం మీద పడేలా చేసుకున్నాడు. చూసినదాన్ని చూసినట్టే ఇచ్చాను, ఏ అంచునూ కోయలేదు అని చెప్పడానికి అదే రుజువు. ఇరవై రెండేళ్లు ముఖాలు దిద్దిన మనిషికి ఆ గీత ఎంత గర్వమో వేరే చెప్పాలా?

కుట్టించే ముందు మర్యాదగా ఉంటుందని అచ్చాయమ్మ ఫోటోను పెద్ద సైజులో తీసి, చట్రం కట్టించి, కోటిపల్లి తీసుకెళ్లాడు. ఆమె ఇంకా బజారు నుంచి రాలేదు. పొరుగింటావిడ చేతికి ఫోటో ఇచ్చి, రేవు దగ్గర టీ తాగి వద్దామని వెళ్లాడు. పొరుగింటావిడ దాన్ని తలుపు పక్క మేకుకు తగిలించి నీళ్లకు వెళ్లింది. అంతలో ముక్తేశ్వరం నుంచి గోదావరి దాటించే పంటు దిగి అచ్చాయమ్మ చెల్లెలు సూరమ్మ వచ్చింది.

పల్లంరాజు తిరిగి వచ్చేసరికి వాకిలి నిండా జనం. ఫోటోకు నందివర్ధనం పూలదండ. సూరమ్మ నేల మీద కూలబడి గుండెలు బాదుకుంటోంది.

"మొన్న మంగళారం కూడా నాతో పోట్లాడేవే అక్కా! ఆ మాటలకి సమాధానం చెప్పుకోనియ్యకుండానే పోయావా!"

అప్పుడే బస్సు దిగిన అచ్చాయమ్మ, బేసిను చంకన పెట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"ఎవరే పోయింది?"

"నువ్వే!" అంది సూరమ్మ ఏడుపు ఆపకుండానే. తరవాత తలెత్తి చూసి కెవ్వుమంది.

"నేను పోతే ముందు నాకు చెప్పొద్దటే? ఇంకా నాలుగు పండుగప్పలు అమ్మాల్సినవి ఉన్నాయి" అని అచ్చాయమ్మ పకపకా నవ్వింది. వాకిలంతా నవ్వింది. సూరమ్మ మాత్రం, అక్క బతికే ఉంది గనక, మంగళవారం తగాదాను ఆగిన చోటి నుంచి మళ్లీ అందుకుంది.

నవ్వు సద్దుమణిగాక అచ్చాయమ్మ దండ తీసి ఫోటోను పరీక్షగా చూసింది. "బాగుందండి రాజుగారూ. అచ్చం నేనే. కానీ మీరు వేస్తానన్న పుస్తకంలో మాత్రం నన్ను వెయ్యకండి."

ఆ మాట రేవంతా పాకింది. వారం తిరక్కుండా పందొమ్మిదిమంది వద్దన్నారు. ఇరవయ్యో మనిషి పాపాయి, మిగతావాళ్లు ఏమంటే తనదీ అదే అంది.

పల్లంరాజు ఐదేళ్ల శ్రమ, ఇక దొరకని కాగితం, వంద ప్రింట్లు అట్టపెట్టెలో పడి ఉన్నాయి. రాజమండ్రిలో కోర్టు రికార్డులు బైండు చేసే జ్ఞానప్రకాశం, పుస్తకం పని ఒప్పుకున్న మనిషి, తేలిగ్గా తీసిపారేశాడు.

"నెగెటివ్ మీది, కాగితం మీది. ఐదు కాపీలు ఎవరు చూడొచ్చారండి? కుట్టేద్దాం."

నెగెటివ్ మీద హక్కు ఫోటో తీసినవాడిదే కావచ్చు. ముఖం మీద హక్కు ఎవరిదని ఏ బైండరూ అడగడు, ఏ కాగితమూ చెప్పదు. పల్లంరాజు మాత్రం తనను తాను ప్రశ్నించుకున్నాడు. అందుకే ప్రింట్ల పెట్టె తిరిగి చంకన పెట్టుకుని కోటిపల్లి బస్సెక్కాడు.

"అచ్చాయమ్మా, వద్దంటే వెయ్యను. ఏం చేస్తే ఒప్పుకుంటావో అదొక్కటి చెప్పు."

ఆమె అరుగు మీద ప్రింట్లు పరిపించుకుని చాలాసేపు చూసింది. "రేవులో మేమెప్పుడైనా ఇలా కూర్చున్నామండి? ఒకళ్ల మోకాలు ఒకళ్లకి తగులుతూ కూర్చుంటాం. మీరొచ్చి ఒక్కొక్కళ్లనీ విడదీసేశారు. ఆపైన చుట్టూ నల్లగీత. దినం కార్డుకుంటుంది చూడండి, అలాగ." అని తన ప్రింటు అంచును పాపాయి ప్రింటు అంచు మీదకు జరిపింది. పాపాయి గీత కిందికి పోయింది, తన గీతను ఆమె వేలితో మూసింది. రెండు ముఖాలు పక్కపక్కన కూర్చున్నాయి.

కబురంది ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. పల్లంరాజు ఏమీ అడగలేదు. ప్రింట్లను అంచు మీద అంచు పెట్టి అరుగు పొడవునా పేర్చుకుంటూ పోయాడు. ముందు మాట కలిపింది చిన్నమ్మాయి అనే ముసలావిడ.

"నన్ను పాపాయి పక్కన పెట్టకయ్యా. దానికీ నాకూ మాటల్లేవు."

"ఆవిడ పక్కన నేను మాత్రం కూర్చుంటానేంటి?" అంది పాపాయి.

"నన్ను ఆ కొసకి నెట్టేశారేంటండి, చూరు నీళ్లు పడే చోట!" అంది మరొకావిడ.

"ఫోటో మీద చూరు నీళ్లేంటే పిచ్చిదానా!"

అరగంట పోట్లాడుకుని వరస తేల్చారు. తమను వెయ్యొద్దన్న మాట అప్పటికి ఎవరికీ గుర్తు లేదు. పల్లంరాజు ఆ వరస క్రమాన్ని చీటీ మీద రాసుకుని, ఆఖరు ప్రయత్నంగా అడిగాడు: "ఇదే వరసలో, ఆ గీతలు ఉంచి అంటిస్తే?"

అచ్చాయమ్మ మెల్లగా, "అప్పుడు గోడ మీద ఇరవైమంది ఉన్నట్టండి" అంది.

మర్నాడు రాజమండ్రిలో జ్ఞానప్రకాశం విషయం విని తల గోక్కున్నాడు. కుట్టు పుస్తకం కుదరదు, విసనకర్రలా మడతలు పెట్టి, లాగితే ఇరవై ముఖాలూ ఒకే బారున విచ్చుకునేలా గుడ్డపట్టీతో అంటించాలి. అది తన చేతి పనే. "కానీ రాజుగారూ, గీత కోసేస్తే మళ్లీ రాదండి. మరో కాగితం కూడా లేదన్నారు. రెండు కాపీలకి తీసి చూద్దాం, మిగతా మూడూ మీకోసం అలాగే ఉంచుకోండి."

పల్లంరాజు బల్ల ముందు కూర్చుని వంద ప్రింట్లనూ ఒకసారి తిరగేశాడు. ఏ అంచునూ కోయలేదని లోకానికి రుజువు చూపించాలన్న పట్టుదల తనది. ఆ రుజువు అడిగినవాళ్లు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ లేరు. తనకోసం దాచుకునే మూడు ప్రతుల్లో ఆ ఆడవాళ్లు మళ్లీ ఒంటరివాళ్లే అవుతారు, వాళ్లకు తెలియకుండా.

"ఐదింటికీ తీసేద్దామండి" అన్నాడు. చీటీలోని వరస ప్రకారం చిన్నమ్మాయి ప్రింటు తీసి, ఉక్కు స్కేలు ఆనించి, మొదటి అంచు తనే కోశాడు.