పసుపు పడ్డ జెర్సీ

ఆ రోజుల్లో బట్ట కొనుడంటే మా ఇంట్లో చిన్న యుద్ధం. చేత్తో పిండి, వెలుతురుకు పట్టి, ఓ పోగు లాగి నోట్లో పెట్టుకొని నమిలితే తప్ప నమ్మని వంశం మాది. అట్లాంటి వంశంలో పుట్టి, ఫోన్‌లో బొమ్మ చూసి బట్ట తెప్పించిన మొదటి మగాణ్ణి నేనే. (జనగామ మొత్తానికి మొదటివాణ్ణని చాలా ఏండ్లు చెప్పుకున్నా. ఎవరూ కాదనలేదు, ఎవరూ వినలేదు కూడా.)

అప్పుడు భూపాలపల్లిలో బొగ్గుబాయి ఆఫీసులో నాకు చిన్న కొలువు. మహబూబాబాద్‌లో (మేం మానుకోట అనే అంటాం) ఓ సంబంధం చూశారు. పిల్ల నాకు నచ్చిందంటే తక్కువ చెప్పినట్టే, చూసొచ్చినప్పటి నుంచి బొగ్గు కూడా తెల్లగా కనిపిస్తోంది. ఆమె కూడా సరే అన్నది. మిగిలింది ఆమె అన్న. ఊళ్లో క్రికెట్ టీముకు క్యాప్టెన్, ఇంట్లో కూడా క్యాప్టెనే. ఆయన వేలెత్తితే వాళ్ల నాయిన సైతం అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. నిశ్చితార్థం నాడు పిల్ల అన్నకు మేం బట్టలు పెట్టాలి కదా, ఆ సంగతే అడుగుదామని ఫోన్ చేశా.

"పాయింటు షర్టు వద్దు బావా," అన్నాడు. "ఇండియా జెర్సీ తే. అసలుది. డూప్లికేటైతే వాసన చూసి చెప్త."

అంతకుముందు వచ్చిన సంబంధాన్ని, పిల్లగాని బూట్లు డూప్లికేటని ఈయనే వెనక్కి పంపాడని విన్నాను. "బూట్లే నకిలీ అయితే కొలువు అసలుదని ఏం నమ్మకం?" అన్నాడట. ఆ మాట విన్నకాణ్ణుంచి నాకు కూర్చుంటే కుర్చీ కాలుతోంది, నిలబడితే నేల కాలుతోంది. ఆఫీసులో ఫైళ్లు పక్కన పెట్టి వీడియోలు చూశా. కుట్టు సూటిగా ఉండాలట, లోపల దారాలు వేలాడొద్దట, మరీ అగ్గువకు ఇస్తామంటే దగ్గరికే పోవద్దట, మెడ లోపలి పట్టీ మీద కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే కంపెనీ పేజీ తెరుచుకోవాలట. వారం తిరిగేసరికి నేను ఎంత ముదిరానంటే, ఎదురొచ్చిన ప్రతి మనిషి కాలరూ తిప్పి చూడబుద్ధయ్యేది. (మా మేనేజరు కాలరు నిజంగానే తిప్పాను. పురుగు పాకిందని చెప్పి బయటపడ్డా.)

చివరికి ఫోన్‌లో తెప్పించిన జెర్సీ జనగామ ఇంటికి వచ్చింది. హన్మకొండలో బస్సు మారి, సీటు దొరికినా కూర్చోలేక నిలబడే ఇల్లు చేరేసరికి మా అవ్వ (అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం) పార్సిల్ విప్పేసింది. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా ఆమె చేతి రుమాలు కూడా వాడనియ్యదు. ఛాతీ మీది తెల్ల అక్షరాలకు ఓ బొట్టు, మెడ పట్టీకి ఇంకో బొట్టు. ఆ రెండోది సరిగ్గా కోడ్ మీద! బొట్టా అది, అరచేతి మందాన గోడకు పూసినట్టు పూసింది. ఫోన్ ఎన్నిసార్లు చూసినా గుర్తుపట్టనే లేదు.

ఇక మిగిలిన దారి, క్యాప్టెన్ బావ తన పాత జెర్సీలో దిగిన ఫొటోతో పోల్చుకోవడం. పెద్దగా చేసి చూశా. ఆయన జెర్సీకి ఛాతీ మీది టీము గుర్తు దళసరిగా, జరీ అంచులాగా ధగధగా మెరుస్తోంది. నాది పల్చగా, అతికించినట్టు ఉంది. అయిపోయింది, నాది నకిలీ! పెండ్లిపందిరి కండ్ల ముందే కూలిపోయింది.

"వాపస్ పంపిస్త అవ్వా!"

"పసుపు పడ్డంక ఇంటిదైపాయె. వాపసేంది, పాపం గాదా?"

పాపం సంగతి తర్వాత, జెర్సీ తీసుకుపోవడానికి వచ్చినతను దాన్ని చూసి, నన్ను చూసి, "అన్నా, గిది బట్టనా, పెండ్లికొడుకా?" అని బండి తిప్పుకొని పోయాడు. నా పరేషాన్ చూడలేక అవ్వ దాన్ని బట్టల సబ్బుతో రుద్దింది. సబ్బు తగిలితే పసుపు ఏమవుతుందో ఇంట్లో ఇద్దరికీ తెలుసు, ఆ గాబరాలో ఇద్దరం మరిచాం. రెండు బొట్లూ నెత్తుటి రంగుకు తిరిగి అట్లే నిలిచిపోయాయి.

ఇంకోటి తెప్పించే గడువు లేదు. నిశ్చితార్థంలో ఆ జెర్సీనే పళ్లెంలో పెట్టాం. క్యాప్టెన్ బావ వాసన చూశాడు. తిరగేశాడు. దారాలు తడిమాడు. మానుకోట స్టేషన్‌లో రైలు కూడా కూత మానేసిందనిపించింది. తలుపు సందులోంచి పిల్ల నా వంకే చూస్తోంది. ఆయన ఫోన్ తీసి, ఎర్రబడ్డ పట్టీ మీద పెట్టాడు. టక్కున కంపెనీ పేజీ తెరుచుకుంది! సబ్బుకు పసుపు మందం పోయి మరక మాత్రమే మిగిలిందని, మళ్లీ ఓసారి ఫోన్ పెట్టి చూద్దామని నాకు తట్టనే లేదు.

నాకంటే ఎక్కువ ఆయనే ఉలిక్కిపడ్డాడు. లోపలికి పోయి తన పాత జెర్సీ తెచ్చి తిరగేస్తే, సేమ్యా లెక్క దారాలు. కోడ్ మీద ఫోన్ పెడితే చప్పుడే లేదు. మెల్లగా నా చెవిలో, "బావా, నాదాని ముచ్చట టీముల ఎవ్వలకు చెప్పకు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలా మాత్రం, "అసలుదే! కానీ గీ ఎర్ర గుర్తేంది? వీడియోల ఎక్కడ చూడలే. కొత్త సీలా?" అన్నాడు.

నాకు దగ్గొచ్చింది. అవ్వ మాత్రం తొణకలేదు. "అవు బిడ్డా, మా ఇంటి సీలు."

తలుపు సందులోంచి నవ్వు వినపడింది. ఆ నవ్వు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, ఎక్కువగా నా మీదే.

మొన్న మా బిడ్డకు జెర్సీ వచ్చింది. నేను రోజుల తరబడి చేసిన పరిశోధనను అది మెట్ల మీదే నిలబడి ముగించి, "అసలుదే డాడీ," అని తేల్చేసింది. క్యాప్టెన్ బావ అటునుంచి ఫోన్‌లో, "ఎర్ర గుర్తుందా చూడు బిడ్డా, అది లేకుంటే నమ్మకు," అని అరుస్తున్నాడు. ఇప్పుడు పసుపు పెట్టడానికి అవ్వ లేదు. వంటింట్లోకి పోయి ఆమె డబ్బా వెతికి, వేలితో అంచుకు చిన్న బొట్టు పెట్టా.

"అయ్యో డాడీ! సైజు చూడనే లేదు. ఇగ వాపస్ తీసుకోరు!"

"తీసుకోవద్దనే," అన్నాను. వేలికి మిగిలిన పసుపును, పక్కనే నిలబడి నవ్వుతున్న వాళ్లమ్మ చెంపకు రాశాను.