మంచులో గుడి, వేలి మీద కుంకుమ

మా కూలీల ఇండ్ల లైనులో పక్కింటి నర్సమ్మ, గని ఆస్పత్రిలో చేసి రిటైరైన మనిషి, చెల్లెలి దగ్గరికి వేలూరు పోతా ఇల్లు ఖాళీ చేసింది. బీరువా మోయడానికి పోయినాను. దాన్ని జరిపితే వెనక గోడకు ఒక బొమ్మ ఉండాది. గుడి. చుట్టూ పెద్ద పెద్ద చెట్లు. మిగతాదంతా తెలుపు.

"ఏమమ్మా, సైనైడ్ దిబ్బ మింద గుడి ఎవురు కట్టినారు?" అన్నాను.

సైనైడ్ కలిపి బంగారం తీసినాక మిగిలిన పిండిమట్టిని మా ఊళ్ళో గుట్టలుగా పోసినారు. పుట్టినప్పటినుంచి నేను చూసిన తెల్ల కొండలు అవే.

ఆమె పడీ పడీ నవ్వింది. "అది మంచు కదప్పా! జపాన్ దేశం బొమ్మ. నీ కండ్లకు ఇంగ దిబ్బలు తప్ప ఏమీ కనపడవా?"

దాన్ని కుంచెతో వేయలేదంట. చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితాన్ని అద్దుతారంట. ఒక్కో రంగుకు ఒక్కో చెక్క. గనిలో కప్పు కూలకుండా ముప్పై ఏండ్లు దుంగలు నిలబెట్టినవాణ్ణి, చెక్క సంగతి నాకు చెప్పేదా అనుకుంటా ఉంటే ఆమె ఇంకో మాట చెప్పింది.

"తెలుపుకు రంగే లేదప్పా. అది ఒట్టి కాగితం. ముట్టకుండా వదిలేసినారు."

గుడి కప్పు మీద, కొమ్మల మీద, మెట్ల మీద పడిన మంచంతా ఆ పనివాడు ముట్టని జాగానే! చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

గనిలో మేమూ కొంత రాయి అట్లే వదిలేవాళ్ళం. దాంట్లో బంగారం ఉండాదని తెలిసినా సరే. పైనున్న కొండను మోసేది అదే. కొట్టేది ఎవడైనా కొడతాడు, యాడ ఆపాలో తెలిసినవాడే మేస్త్రి. నేనేమో అరవై దాటినాక అక్షరాలు నేర్చినవాణ్ణి, కాగితం దొరికితే అంచుల దాకా నింపేస్తాను.

ఫ్రేమును చెదలు తినేసింది. నర్సమ్మ కాగితం మాత్రం ఊడదీసి ఇచ్చింది. అద్దం లేకుండానే ఇంట్లో గోడకు అంటించినాను.

శుక్రవారం పొద్దున మా ఆవిడ తలకు పోసుకొని, దేవుడి పటాలకు వరసగా బొట్లు పెట్టుకుంటా వచ్చింది. గుడి కనపడితే వదుల్తుందా? తడి కుంకుమ వేలు సరిగ్గా ఆ తెల్లటి మెట్ల కాడికి పోయింది.

"ఆపు!" అని అరిచినాను.

"ఏమయ్యా, గుడికి బొట్టు పెడితే తప్పా?"

"ఆ తెలుపు పోతే మళ్ళీ రాదే. అది రంగు కాదు, కాగితం."

"దేవుడు యాడుండాడు దీంట్లో?"

"లోపల. తలుపేసినారు."

వేలు అట్లే పైకి పట్టుకొని మొహం బొమ్మ దగ్గరికి పెట్టింది. చాలాసేపు చూసింది. మెట్ల కింద గొడుగు పట్టుకొని ఒక మనిషి, గోరంత. రెండు దినాలుగా చూస్తా ఉన్న నాకు కనపడలేదు, ఆమెకు కనపడింది.

"పాపం, ఇంత చలిలో ఒక్కతే పోతా ఉండాదే" అనింది, గర్భగుడి ముందర మాట్లాడినట్టు గొంతు తగ్గించి.

వేలి మీద కుంకుమ ఆరిపోతా ఉండాది. బొమ్మకు జానెడు పక్కన, గోడకు బొట్టు పెట్టింది. మధ్యలో సున్నం గోడ తెల్లగా అట్లే ఉండాది.