ఇనుము మీద అలిగే బావ

మా బావ ఇనుము మీద అలుగుతాడు. మనుషుల మీద అలిగితే అవతలివాళ్లు వచ్చి బతిమాలుతారు. ఇనుము బతిమాలదు కదా, అందుకని బావ అలక ఓ పట్టాన తీరదు. బాగాలేని ఇంజను బ్లాకును, అదే సిలిండర్లుండే ఇనప దిమ్మను, షెడ్డులోకి తెస్తే చాలు, దానికి వీపు పెట్టి, బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని గోడతో మాట్లాడతాడు.

"దీన్ని పోతపోసినవాడు అద్దంలో మొహం ఎలా చూసుకుంటున్నాడో!"

ఆయన పని జెట్ బోట్లకు, అంటే పంపుతో నీళ్లు వెనక్కి చిమ్మి దూసుకుపోయే పడవలకు, ఇంజన్లు కట్టడం. ఆయన షెడ్డులో లేతు యంత్రం మీద పని నాది. ఇద్దరం ఏ కాలేజీ గడపా తొక్కలేదు, చేతులు నల్లబడ్డకొద్దీ నేర్చుకున్నాం. నోటితో ఇంజన్లు కట్టేవాళ్లంటే ఇద్దరికీ ఒళ్లు మంట. కాకపోతే నా మంట మధ్యాహ్నానికి చల్లారుతుంది. ఆయనది వారం మండుతుంది.

ఇంట్లోనూ ఇదే వరస. అక్క కొత్త ఇనప పెనం తెస్తే దాన్ని వేలితో కొట్టి చూసి, "ఇది మోగడం లేదు, దగ్గుతోంది" అని వంటింటికి వీపు తిప్పి కూర్చున్నాడు.

"అయితే ఆ గోడనే వడ్డించమనండి" అంది అక్క.

ఒకాయన తళతళలాడే ఇంజను తెచ్చి, "మూడొందల గుర్రాల శక్తి, మేస్త్రీ!" అని మీసం దువ్వాడు. బావ ఒక్క దెబ్బ కొట్టి విన్నాడు, లోపలి గోడలు పలచగా మోగాయి. "గుర్రాలు సరేనయ్యా, కొట్టానికి గోడలేవీ?" అని డ్రమ్ము ఎక్కేశాడు. ఆ పెద్దమనిషి మళ్లీ మా వీధిలోకి రాలేదు.

ఇలా ఉండగా రేవులో పడవ నడిపే ఒకమ్మాయి వచ్చింది. నదిలో మునిగేవాళ్లను కాపాడే దళంలో ఒకే ఒక్క ఉద్యోగం ఉంది. సొంత జెట్ బోటుతో పరీక్ష నెగ్గాలి. తప్పితే మళ్లీ మూడేళ్ల దాకా పిలుపు లేదు. ఎర్ర రంగు వేసిన బ్లాకు ఒకటి తెచ్చింది.

"పదకొండు రోజులుంది మేస్త్రీ గారూ. ఇది బిగించేయండి, చాలు."

బావ కొట్టాడు, విన్నాడు. "రంగు బాగుంది."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఆరేళ్లు బోటులో పరుగెత్తిందండీ!"

"నా బాధా అదే. ఆరేళ్లూ నది నీళ్లే దీని కడుపులోంచి పారాయి. బయట రంగు, లోపల తుప్పు."

"మీవల్ల కాదంటే చెప్పండి. ఇవాళే పక్క షెడ్డులో బిగించుకుంటాను!" అని బండి తేవడానికి వెళ్లింది.

నేను భోజనం చేసి వచ్చేసరికి ఆమె వాకిట్లో శిలలా నిలబడి ఉంది. కోత యంత్రం మీద బ్లాకు రెండు ముక్కలుగా ఉంది.

"నా బ్లాకు! నా బ్లాకును కోశారా?" స్పానరు అందుకుంది.

బావ ఆమె రెండో చేతిలో స్క్రూడ్రైవరు పెట్టాడు. "ఆ ముక్క లోపలి గోడను పొడువు."

పొడిచింది. సిలిండరు గోడ గుడ్డు పెంకులా పగిలి, మొన అవతలికి వచ్చింది. ఆమె మొనను వెనక్కి లాగి, ఆ కన్నంలో వేలు పెట్టి చూసింది. తరవాత కోపం రెట్టింపయింది.

"అడిగి కొయ్యొచ్చు కదా!"

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు!"

"మరి?"

నేను ఆమె పక్షం. పరాయివాళ్ల వస్తువు కొయ్యడమేమిటి! "తప్పు నీదే బావా" అన్నాను.

"నాదే. అందుకే పదండి, పాత లారీల యార్డుకి."

మూడు రోజుల్లో ముప్ఫై ఒక్క బ్లాకులకు వీపు చూపించాడు. "అయ్యా, కాస్త ఇటు తిరగండి, వచ్చిన గిరాకీ వెనక్కి పోతోంది" అని యార్డు యజమాని దండం పెట్టాడు. ముప్ఫై రెండోది మట్టికొట్టుకుపోయి కుప్ప అడుగున ఉంది. కొడితే గంటలా మోగింది. "మీరిక్కడున్నారా!" అన్నాడు దానితో.

మోతను నమ్మి ఊరుకోలేదు. గోడల మందం కొలిచాడు, అయస్కాంతపు పొడి చల్లి పగుళ్లు వెతికాడు. లోపల క్రాంకు, రాడ్లు, పిస్టన్లు అన్నీ పోతపోసినవి కాదు, ఎర్రగా కాల్చి సాగగొట్టినవే కావాలన్నాడు.

"నేనేమైనా పందెం వేస్తున్నానా, ఇంత దిట్టంగా ఎందుకండీ?" అందామె.

"నీళ్లలో ఇంజను ఎప్పుడూ కొండ ఎక్కుతున్నట్టే. అల మీద ఎగిరి పంపు గాలి పీల్చిందా, బరువంతా ఒక్కసారి పోయి గిర్రున లేస్తుంది. పోత రాడ్డయితే అక్కడే పుటుక్కు."

పరీక్ష రోజుకు ఇంజను సిద్ధమైంది. నిబంధన ప్రకారం పక్క సీటులో డెబ్భై కిలోల ఇసుక బస్తా ఉండాలి. బావ దాన్ని గట్టు మీదికి దొర్లించి, ఒకదాని మీద ఒకటి రెండు లైఫ్ జాకెట్లు తొడిగి అక్కడ కూర్చున్నాడు.

"బస్తా ఏదీ?" అన్నాడు అధికారి.

"నేనే."

"ఇసుక అని రాసి ఉందండీ!"

"డెబ్భై కిలోలనీ రాసి ఉంది. ఇసుకకు నోరు లేదు, నాకుంది. అంతే తేడా."

బోటు కదలగానే, చూడ్డానికి నాతో గట్టుకు వచ్చిన అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ బావకు ఈత రాదురా."

"అదేమిటే! ప్రతి ఇంజను మొదటి పరుగుకూ ఎక్కుతాడుగా? చప్పుడు వినడానికన్నాడు."

"చప్పుడు గట్టుకీ వినిపిస్తుంది. జెట్ బోటుకు చుక్కాని లేదు కదా, ఇంజను ఆగితే తిప్పడమూ ఆగుతుంది. ఎదురుగా రాళ్లు. అలాంటప్పుడు నడిపేవాళ్లు ఒంటరిగా ఉండకూడదట."

"ఉండి ఈయన చేసేదేముంది?"

"నేనూ అదే అడిగాను. 'తిట్టుకోవడానికి ఎదురుగా ఒకడుండాలి కదా' అన్నాడు."

ఇన్నాళ్లూ ఆయన కోపం ఇనుము కోసమే అనుకున్నాను.

బోటు రాళ్ల మధ్య పాములా మెలికలు తిరిగింది, అలల మీద ఎగిరింది. ఇంజను హోరును మించి బావ కేకలు వినిపించాయి. గట్టుకు చేరేసరికి ఆమె నవ్వుతోంది. బావ మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

అధికారి కాగితంలో 'ఇసుక' అన్న మాట కొట్టేసి ఇలా రాశాడు: "బస్తా బదులు మనిషి. దారి పొడవునా అరిచాడు. బోటు ఎక్కడా తడబడలేదు. ఎంపిక."