మదర్ ఓజెల్లా కారులో చేసిన ప్రార్థన

“మింగేశాడు! మదర్, వీడు బ్యాటరీ మింగేశాడు!”

లామర్ పెట్టిన కేకకి పెకన్ చెట్టు మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. సమాధుల మధ్య నేల ఊడుస్తున్న ఓజెల్లా గ్రిగ్స్‌బీ చీపురు ఆపి, నడుం నిలబెట్టి చూసింది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. తలకి గుడ్డ, కాళ్ళకి పోయిన మొగుడి బూట్లు. సెయింట్ రూత్ చర్చిలో ఆమెను అందరూ ‘మదర్’ అంటారు. ఆ మాట బిరుదులాంటిది. పాస్టరుగారి ప్రసంగం మరీ సాగితే గొంతు సవరించి ఆపించే హక్కు ఆ బిరుదు ఉన్నవాళ్ళకే ఉంటుంది.

లామర్ ఎడమచేతిలో నాలుగేళ్ళ కొడుకు మైకా, కుడిచేతిలో ఒక ప్లాస్టిక్ కొవ్వొత్తి. మీట నొక్కితే వెలిగే రకం. దాని అడుగు మూత ఊడిపోయి ఉంది. బొత్తాం అంత బిళ్ళ బ్యాటరీ ఉండాల్సిన చోట ఏమీ లేదు.

“ఎప్పుడు?” అంది ఓజెల్లా.

“ఇప్పుడే! నేను మా బామ్మ సమాధి దగ్గర కలుపు పీకుతున్నాను. తిరిగి చూసేసరికి వీడు ఆ పాటగాడు మ్యూల్ సమాధి ముందు చతికిలబడి ఉన్నాడు. నేను వస్తుంటే గుటుక్కుమన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కూడా వచ్చాయి. ఒరే మైకా! మింగావా లేదా?”

మైకా తల ఊపాడు.

“బ్యాటరీనేనా?”

మళ్ళీ ఊపాడు. తండ్రి మొహం అప్పుడున్న తీరుకి, ఏనుగుని మింగావా అని అడిగినా ఊపేవాడే.

లామర్ ఊరి హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్తాడు. ఒక్కడే కొడుకు. వాడు పుట్టిన రోజునుంచి లామర్‌కి ప్రపంచమంతా వాడి గొంతులో ఇరుక్కోగల వస్తువుల జాబితాలాగే కనిపిస్తోంది. ద్రాక్షపండుని నాలుగు ముక్కలు చేస్తాడు. స్నానం నీళ్ళలో ల్యాబు థర్మామీటరు పెడతాడు. వేయించిన క్యాట్‌ఫిష్ ముక్కని దీపానికి అడ్డంపెట్టి ముల్లు వెతుకుతాడు. బిళ్ళ బ్యాటరీ మాత్రం ఉత్త భయం కాదు. అది అన్నవాహికలో ఇరుక్కుంటే, తడి తగిలి కరెంటు పారి, రెండు గంటల్లో కండని కాల్చేస్తుంది. పిల్లలకి ఏటా పాఠంలో చెప్పేది అతనే.

“తేనె ఉందా మదర్? తేనె పడితే కాలడం కాస్త ఆలస్యమవుతుంది!”

ఓజెల్లా ఇల్లు చర్చికి ఎదురుగానే. ఆమె బూట్లు ఈడ్చుకుంటూ వెళ్ళి తేనె సీసా, చెంచా, బైబిలు, చేతిసంచీ పట్టుకుని వచ్చింది. ఈలోగా లామర్ విషాల సహాయ కేంద్రానికి ఫోను చేశాడు. పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె పట్టిస్తూ వెంటనే ఆసుపత్రికి వెళ్ళమన్నారు. పట్నం ముప్ఫై అయిదు మైళ్ళు. లామర్ డ్రైవింగు సీట్లో కూర్చునేసరికి ఓజెల్లా వెనకసీట్లో పిల్లవాడి పక్కన బెల్టు బిగించుకుని ఉంది.

ఆమె నోరు మూసుకుని కూర్చుంది. లామర్‌ని హడలెత్తించింది ఎక్కువగా అదే.

ఓజెల్లా మాట్లాడకుండా ఉండడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. పదేళ్ళ వయసులో పత్తిచేలో పారపట్టిన రోజునుంచి, క్యాట్‌ఫిష్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు కత్తి పట్టినంతకాలం, ఆమె చేతులతో సమానంగా నోరూ పనిచేసింది. నిమిషానికి ఎన్ని చేపలు కోసేదో అన్ని కబుర్లు చెప్పేదనీ, పక్కన నిలబడ్డవాళ్ళు చేపని చూడకుండా ఆమెను చూసి వేళ్ళు కోసుకునేవాళ్ళనీ చెప్పుకుంటారు. అక్కణ్ణుంచి రిటైరయ్యాక సమాధుల తోట ఆమె చేతికి వచ్చింది. ఎవరూ ఇవ్వలేదు. వాళ్ళ అత్తగారి సమాధి పక్కనే మ్యూల్ హాస్కిన్స్ సమాధి ఉంది. ‘వచ్చినవాళ్ళు మా అత్త మీద కాళ్ళు పెడుతున్నారు’ అని ఒకరోజు చీపురు పట్టుకుని నిలబడింది, అంతే.

మ్యూల్ హాస్కిన్స్ అంటే బ్లూస్ పాటకి దేవుడంతటివాడని దేశదేశాలనుంచి వచ్చేవాళ్ళు అంటారు. వచ్చి ఏడుస్తారు. రాయిని కౌగిలించుకుంటారు. గిటారు మీటే బిళ్ళలు, సగం తాగిన విస్కీ సీసాలు పెట్టి పోతారు. విస్కీని ఓజెల్లా చీమల పుట్టల్లో పోసి, సీసాని మళ్ళీ సమాధి మీదే పెడుతుంది.

“ఆయన గిటారు విద్య కోసం దెయ్యంతో ఒప్పందం చేసుకున్నాడట కదా అమ్మా?” అని అడుగుతారు వాళ్ళు.

“దెయ్యమా? వచ్చుంటే టోపీ పోగొట్టుకుని పోయేది,” అంటుంది ఓజెల్లా. “మా తాత టోపీ, ఆదివారం టోపీ, ఒక్క పూటకని మ్యూల్ పెట్టుకుపోయాడు, మళ్ళీ ఇవ్వలేదు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మీరు ఈ రాయికి ముద్దులు పెడుతున్నారు, మా తాత నెత్తి మాత్రం చచ్చేదాకా ఎండలోనే మాడింది.”

అంత చెప్పినా ఒక్క విషయంలో ఆమె రాయిలాంటిది. సమాధి మీద పెట్టింది ఎవరూ తీయకూడదు. తీస్తే దాని సొంతదారు, ఆ పోయిన మనిషి, వెంట ఇంటికొస్తాడు. సండేస్కూల్లో లామర్‌కి ఆ పాఠం నేర్పింది ఆమే. ఓసారి వాడు సమాధి మీది గోళీ ఒకటి జేబులో వేసుకుంటే, చెవి పట్టుకుని అరమైలు నడిపించి, తిరిగి పెట్టించి, చచ్చిపోయినాయనకి క్షమాపణ కూడా చెప్పించింది.

అలాంటి మనిషి వెనకసీట్లో గుడ్లప్పగించి కూర్చుంది. లామర్ అద్దంలో చూసి, పిల్లవాడికి గండమేదో ఆమెకి కనిపిస్తోందనుకున్నాడు.

“అబ్బాయ్, లామరూ... ఒక్కమాట,” అంది ఆమె రెండో మైలురాయి దగ్గర.

“ఇప్పుడేమీ చెప్పకండి మదర్. ప్రార్థన చెయ్యండి. గట్టిగా చెయ్యండి.”

ఓజెల్లా పిల్లవాడి తలమీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుంది.

“ప్రభువా! నీకు తెలియనిది లేదు.”

“ఆమెన్,” అన్నాడు లామర్, యాక్సిలరేటరు నొక్కుతూ.

“ఈ బిడ్డ కడుపులో ఏముందో నీకు తెలుసు.”

“తెలుసు తండ్రీ!”

“ఆ కొవ్వొత్తిలో బ్యాటరీ ఎక్కడుందో నీకు తెలుసు ప్రభువా. నాకూ తెలుసు. ఈ కారు తోలేవాడికి మాత్రం తెలీదు.”

“ఆమె...” అనబోయి లామర్ ఆగిపోయాడు. కారు ఒక పక్కకి ఒరిగి, చేపల చెరువు గట్టున గడ్డిలోకి దిగి ఆగింది.

“ఏమన్నారు?”

“నేను నీతో మాట్లాడ్డం లేదు. ప్రార్థనలో ఉన్నా.”

“మదర్!”

“ప్రభువా, ఈ అబ్బాయికి ఓపికనియ్యి,” అని, ఓజెల్లా ఒక కన్ను తెరిచి, చేతిసంచీలోంచి షుగర్ చూసుకునే మిషను తీసి అతని ఒళ్ళో పెట్టింది. “అదిగో. అందులో ఉంది. గురువారంనాడు నా మిషను చచ్చిపోయింది. ఆ దీపం పెట్టిన నెదర్లాండ్స్ మొగుడూపెళ్ళాం కారెక్కి అటు పోయారో లేదో, తీశాను. అదే సైజు.”

లామర్ నోటికి వచ్చింది సరైన మాట కాదు. “మీరా? సమాధి మీదిది తీశారా?”

“తీయలేదు. దీపం అక్కడే ఉందిగా. పాతకాలంవాళ్ళు సమాధి మీద కప్పు పెడితే అడుగున చిల్లుకొట్టి పెట్టేవాళ్ళు. పనికొచ్చే వస్తువు పెడితే పోయినవాళ్ళకి ఇక్కడ మనసు తగులుకుంటుందని. నేను ఆ దీపాన్ని పనికిరాకుండా చేశాను. ఆచారమే.”

“మూత తిరిగి పెట్టలేకపోయారా?”

“ఈ వేళ్ళకి ఊడదీయడం వచ్చు. పెట్టడం రాదు.”

“మరి సొంతదారు వెంటవస్తాడని నా చెవి మెలేశారు!”

“మ్యూలా? వాడు మా గుమ్మం తొక్కడు. తొక్కితే టోపీ అడుగుతానని వాడికి తెలుసు.”

లామర్ నవ్వే స్థితిలో లేడు. మిషను వెనక మూత తీసి, బ్యాటరీని వెలుతురులో తిప్పితిప్పి చూశాడు. బిళ్ళ బ్యాటరీయే. అయినా అది ఆ దీపంలోదేనని రుజువేమిటి? ఈ మనిషి మిషనులోని చచ్చిన బ్యాటరీని తీసి ఆ దీపంలో పెట్టి ఉంటే? పైగా పిల్లవాడు ఏదో మింగడం మాత్రం కళ్ళారా చూశాడు.

“సరే. బ్యాటరీ ఇక్కడుంది. మరి వీడు మింగిందేమిటి?”

మైకా ఓజెల్లా వంక చూశాడు. ఓజెల్లా చెరువు వంక చూసింది. తర్వాత మళ్ళీ పిల్లవాడి తలమీద చెయ్యి పడింది.

“ప్రభువా, ఇంకొకటి కూడా ఉంది.”

“మదర్, దయచేసి...”

“నీ దాసురాలి సంచీలో యాభై ఏళ్ళుగా పిప్పర్మెంటు బిళ్ళలు ఉంటున్నాయి. ప్రసంగంలో నిద్రపోయే ప్రతి బిడ్డకీ ఇచ్చింది. ఈ తోలేవాడికీ ఇచ్చింది. తన కొడుక్కి గట్టి మిఠాయి పెట్టొద్దని వీడు మూడుసార్లు చెప్పాడు. కాగితం మీద రాసి కూడా ఇచ్చాడు. అయినా బిడ్డ నా గౌను పట్టుకు లాగితే...”

మైకా జేబులోంచి గలగలలాడే కాగితం ఒకటి తీసి తండ్రికి అందించాడు. ఎర్రచారల కాగితం. లామర్ వాడి నోరు తెరిపించి చూశాడు. నాలుక తేనెతో జిగటగా, గులాబీరంగులో ఉంది. పిప్పర్మెంటు వాసన గుప్పుమంది.

“మరి నమిలి తినకుండా అలా గుటుక్కున మింగేశావేంరా?”

వాడు చాలాసేపు ఆలోచించాడు. “నువ్వు వస్తున్నావని,” అన్నాడు.

లామర్ కారు వెనక్కి తిప్పలేదు. రుజువు కావాలన్నాడు. పట్నం వెళ్ళి ఎక్స్‌రే తీయించాడు. ఎముకలూ, గాలీ తప్ప అందులో ఏమీ కనబడలేదు. పిల్లవాడి కడుపులో తేనె బాగా పడిందనీ, మధ్యాహ్నానికి దాని సంగతి అదే చెబుతుందనీ డాక్టరమ్మ నవ్వింది. గట్టి మిఠాయి విషయంలో మాత్రం నవ్వలేదు. ఈ వయసుకి అది గొంతుకి అడ్డం పడగలదని ఓజెల్లా మొహం మీదే చెప్పింది. ఓజెల్లా తల వంచుకుని విని, సంచీలో ఉన్న పిప్పర్మెంట్లన్నీ ఆమె బల్లమీద కుప్ప పోసింది. డాక్టరమ్మ ఒకటి తీసి నోట్లో వేసుకుంది.

బయటికి వచ్చాక లామర్ కారుని ఆనుకుని నిలబడ్డాడు.

“నన్ను తిట్టాలనుంటే తిట్టు,” అంది ఓజెల్లా. “తప్పు నాదే. రెండు తప్పులు. రేపు చర్చిలో లేచి నిలబడి చెప్పేస్తాను కూడా.”

“మీరు అక్కడే చెప్పొచ్చుగా మదర్? నేను అరిచినప్పుడే? ఒక్కమాట!”

“నీ మొహం చూశావా నువ్వు? ఎనభై ఒక్కేళ్ళదాన్ని. నా చేత్తో పదకొండుమందిని పూడ్చాను. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌కి చేపతలకాయ విసిరినదాన్ని. అట్లాంటి నేనే నీ మొహం చూసి దేవుణ్ణి అడ్డం పెట్టుకుని చెప్పాల్సొచ్చింది. నాలుగేళ్ళ వెధవ, వాడు చెప్తాడా? నువ్వు ఆరడుగుల ఎత్తునుంచి అరుస్తుంటే వాడు ఏది అడిగితే దానికి ఊపాడు. నోట్లో ఉన్నదాన్ని కూడా నీకు భయపడే మింగాడు.”

మైకా అప్పటికే వెనకసీట్లో నిద్రపోతున్నాడు, మూతి చుట్టూ తేనె.

ఓజెల్లా కారు తలుపు పట్టుకుని, ముందు ఒక బూటూ తర్వాత రెండో బూటూ లోపలికి లాక్కుంది. “భయపడకు అని నేను చెప్పను. పిల్లలున్నవాడివి, పడతావు. కానీ ముందు కూర్చో. గడ్డయినా, బురదయినా, చర్చి నేలయినా సరే, నీ తల వాడి తలకంటే కిందికి వచ్చేదాకా కూర్చుని, అప్పుడడుగు.”